సీషెల్స్ బుట్ట

ఆ రోజుల్లో జ్యోతిలక్ష్మి అనుకున్న పని ఒక్కటే. ముందుగదిని మళ్లీ గదిలా చూడడానికి దారి వెతకడం.

పంట ఇంటికి చేరినప్పటి నుంచి ఆ గదిలో పసుపు బస్తాలే ఉన్నాయి. గోడ పొడవునా, కిటికీ ఎత్తు వరకు. సోఫా వాటి వెనుక ఎక్కడో ఉందని ఇంట్లో అందరికీ తెలుసు కానీ ఈ మధ్య దాన్ని ఎవరూ చూడలేదు. టీవీ చూడాలంటే వంటింటి గుమ్మంలో నిలబడాలి. ఎవరైనా వస్తే వరండాలో కుర్చీ వేసి, "లోపట జర పసుపు ఉన్నది" అని చెప్పవలసి వచ్చేది. 'జర' అంటే కాస్త. ఆ మాట అనేటప్పుడు జ్యోతిలక్ష్మికి ప్రతిసారీ కొంచెం సిగ్గేసేది.

తప్పు పసుపుది కాదు, ఆమె భర్త గజేందర్‌ది. పంట ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించిన వెంటనే ఎప్పటిలాగే పసుపు కొని అమ్మే అడ్తిదారు తుకారాం కబురు పెట్టాడు. ఎప్పటిలాగే గజేందర్ వెళ్లాడు. ఎప్పటిలా కాకుండా, పదిమంది రైతులు కూర్చున్న దుకాణంలో గొంతు పెంచి, "ఈసారి మా మాల్ మీకు రాదు సేటు. సముద్రం దాటుతది" అన్నాడు.

తుకారాం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "దాటనీ తమ్మీ. ఈత నేర్పినవా దానికి?"

దుకాణమంతా నవ్వింది. ఆ నవ్వు గజేందర్ వెంట ఇంటిదాకా వచ్చింది. విదేశం ఆర్డర్ రాకపోతే మళ్లీ ఆ దుకాణం మెట్లే ఎక్కాలి, ఆ పదిమంది ముందే తుకారాం చెప్పిన ధరకు తల ఊపాలి. అందుకని ఆ ఆర్డర్ రావలసిందే.

ఆర్డర్ గాలిలోంచి ఊడిపడిన మాట కాదు. ఇందల్వాయి నుంచి వెళ్లిన నరేష్ అనే కుర్రాడు సీషెల్స్‌లో ఒక హోటల్లో వంట చేస్తున్నాడు. సముద్రం మధ్యలో దీవులుగా ఉన్న దేశం అది. దేశం జనమంతా కలిసి వచ్చినా నిజామాబాద్ జిల్లాలో ఒక మూలకు సరిపోతారు. ఆ హోటల్‌కు సరుకులు ఇచ్చే దుకాణం రోజ్‌లిన్ అనే ఆవిడది. పసుపు బాగాలేదని నరేష్ ఆవిడతో రోజూ గొడవపడి, చివరికి, "మా ఆర్మూర్ పసుపు తెప్పించి చూడు మేడం" అని గజేందర్ నంబరు ఇచ్చాడు. సాంపిల్ నచ్చితే ఏడాదికి సరిపడా తీసుకుంటానని రోజ్‌లిన్ వాట్సాప్‌లో రాసింది. ఇంగ్లీషు రాసేది, చదివేది జ్యోతిలక్ష్మి. ఆమె బీకాం. ఏది రాసినా ఉన్నది ఉన్నట్టు రాస్తుంది.

గజేందర్ సాంపిల్‌ను ప్లాస్టిక్ కవర్లో పోస్తుండగా తల్లి అంజవ్వ చూసింది.

"కవర్ల పంపుతర్రా పసుపును? గాడికి పొయ్యేవరకు వాసనంత కవరే తాగుతది."

"సాంపిల్ అంటే గంతే అమ్మా. అందరు కవర్లనే పంపుతరు."

"అందరు పంపేది అందరి పసుపు. ఇది మన పసుపు."

అంజవ్వ లోపలికి వెళ్లి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా తెచ్చింది. దాని నడుము మీద చుక్కలు చుక్కలుగా 'లసుమవ్వ అంజవ్వకు ఇచ్చినది' అని చెక్కి ఉంది. గృహప్రవేశానికి వాళ్లక్క పెట్టిన డబ్బా. పసుపు అందులోకి మారింది.

పోస్టాఫీసు పార్సిల్ కౌంటర్లో మల్లేష్ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "సాంపిల్‌కు స్టీలు డబ్బ పంపేటోళ్లను ఇప్పుడే చూస్తున్న అన్నా. డబ్బ మళ్ల వస్తదా?"

"డబ్బ పోతే పోయింది. ఆర్డర్ వస్తే చాలు."

అనుకున్నదానికి సరిగ్గా తలకిందులుగా జరిగింది.

బీకాంలో జ్యోతిలక్ష్మికి అంతర్జాతీయ వాణిజ్యం మీద ఒక పాఠం ఉండేది. రెండు దేశాలు ఎంత దూరంలో ఉన్నా సరే, ఒకరి దగ్గర మిగిలింది ఇంకొకరికి అవసరమైతే చాలు, వాటి మధ్య సరుకుల వ్యాపారం దానంతటదే నడుస్తుందని అందులో రాసి ఉంది. ఆ ప్రశ్నకు ఆమె మంచి మార్కులు తెచ్చుకుంది. ఖాళీ డబ్బా గురించి మాత్రం ఆ పుస్తకంలో ఒక్క ముక్క లేదు.

రోజ్‌లిన్ నుంచి సందేశం వచ్చింది. పసుపు అద్భుతంగా ఉందట. మూత తీయగానే దుకాణమంతా వాసన నిండిందట. గజేందర్ పిడికిలి బిగించి బస్తా మీద ఒక దెబ్బ వేశాడు. సందేశంలో ఇంకో వాక్యం ఉంది. 'డబ్బా మీద ఏదో చెక్కి ఉంది. అది మీ కుటుంబపు గుర్తు అయితే నా దగ్గర ఉండడం సరికాదు. ఏమని రాసి ఉందో చెప్పగలరా?'

"ఏం లేదు, ఉంచుకోమని రాయి," అన్నాడు గజేందర్.

"ఏం రాసున్నదని అడుగుతుంటే ఏం లేదని ఎట్ల రాస్తం? రాసి ఉన్నది గదా," అంది జ్యోతిలక్ష్మి. 'అది మా అత్తగారికి గృహప్రవేశం రోజున వాళ్ల అక్క ఇచ్చింది. ఆ సంగతే దాని మీద చెక్కి ఉంది. మీరు ఉంచుకోవచ్చు' అని రాసింది. ఆ జవాబులో ఒక్క అబద్ధం లేదు. పని చెడగొట్టింది ఆ జవాబే.

అక్క ఇచ్చిన వస్తువును ఏ మనిషి ఉంచుకుంటుంది? కొన్నాళ్లకు డబ్బా తిరిగి వచ్చింది. అది ఖాళీగా రాలేదు. అంచుల దాకా దాల్చిన చెక్క కుక్కి ఉంది. అక్కడ కొండల మీద దానంతటదే మొలుస్తుందట. డబ్బాను ఒక మూత బుట్టలో పెట్టి పంపింది. తాటాకులాంటి ఆకుతో, మూత మీద పువ్వులు వచ్చేలా అల్లిన బుట్ట.

అంజవ్వ ముఖం వెలిగింది. "చూసినవా జ్యోతీ? ఏ దేశం మనిషో, ఏం కులమో, డబ్బ ఖాళీగ పంపలే. గదీ పద్ధతి."

ఆ వీధిలో అది చట్టం. కూర ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి ఇచ్చే ఇల్లు లేదు. ఏమీ లేకపోతే బెల్లం ముక్కైనా వేస్తారు. ఎదురింటి భాగ్యవ్వకు, జ్యోతిలక్ష్మికి మధ్య ఒక గిన్నె ఏళ్ల తరబడి తిరుగుతోంది. అది మొదట ఎవరిదో ఇప్పుడు ఇద్దరికీ గుర్తు లేదు.

దాల్చిన చెక్క వీధంతా పంచారు. బుట్ట మిగిలింది.

"గా బుట్ట మనది గాదు," అంది అంజవ్వ.

"గది ప్యాకింగ్ అమ్మా. అట్టపెట్టె లెక్క."

"అట్టపెట్టెకు పువ్వులల్లుతరా? చెయ్యి నొయ్యంగ అల్లింది గా బిడ్డ. ఎవరిది వాళ్లకు చేరాలె."

"సరే తీ, పంపుదం. ఖాళీ బుట్ట, బరువు గూడ ఉండది."

ఈ కొడుకును పెంచడంలో తను ఎక్కడ తప్పిందా అని వెతుకుతున్నట్టు అంజవ్వ అతని ముఖం చూసింది. తర్వాత లేచి పొయ్యి మీద మూకుడు పెట్టింది.

గజేందర్ కూడా పూర్తిగా కాదనలేదు. ఆర్డర్ ఇంకా చేతికి రాలేదు. కొనేవాళ్ల మనసు చల్లగా ఉంచడం వ్యాపారంలో భాగమేనని అతను ఎక్కడో విన్నాడు. "ఇటు బుట్ట పోతది, అటు ఆర్డర్ వస్తది," అని భార్యకు లెక్క చెప్పాడు. ఆ లెక్కన ఆర్మూరు, సీషెల్స్‌ల మధ్య వ్యాపారంలో ప్రస్తుతానికి ఆర్మూరు ఒక బుట్ట వెనుకబడి ఉంది.

బుట్టలోకి గరిజెలు, మురుకులు, నువ్వుల ఉండలు చేరాయి. అంకాపూర్ నాటుకోడి కూర కూడా పంపుదామని అంజవ్వ అంది. అది దారిలోనే లేచి కూస్తుందని చెప్పి గజేందర్ ఆపగలిగాడు. మూత పెట్టబోతుండగా ఆవిడ ఒక ఆకుపచ్చ రవికె గుడ్డ తెచ్చి, దాని మూలకు పసుపు కుంకుమ అద్ది, పైన పెట్టింది.

"ఇదెందుకు అత్తమ్మా?"

"ఆడిబిడ్డకు పంపుతున్నం. రవికె గుడ్డ లేకుంట పంపితే మంది ఏమనుకుంటరు?"

సీషెల్స్‌లో ఆ మంది ఎవరో జ్యోతిలక్ష్మికి తోచలేదు కానీ అడగలేదు. పార్సిల్ కౌంటర్లో మల్లేష్ బుట్టను వాసన చూశాడు. "ఇదేం సాంపిల్ అన్నా?" అన్నాడు. మల్లేష్ తనంతట తానే 'బహుమతి' అని రాసుకున్నాడు. మొత్తం వ్యవహారంలో పరిస్థితిని సరిగ్గా గుర్తుపట్టింది అతనొక్కడే.

బుట్ట అందిన రోజు రోజ్‌లిన్ ఫోన్ చేసింది. తినుబండారాలు సగం దారిలోనే పిండి అయ్యాయట. అయినా చెంచాతో తిన్నారట. తర్వాత అడిగింది, ఈ ఆకుపచ్చ గుడ్డ ఏమిటని.

ఏదో ఒకటి చెప్పి ఊరుకోవచ్చు. జ్యోతిలక్ష్మికి అది చేతకాదు. ఇంటి ఆడపడుచుకు పుట్టింటివాళ్లు పెట్టేది అది, నువ్వు మా ఇంటి బిడ్డవు అని దాని అర్థం అని వివరంగా, తప్పు లేకుండా చెప్పింది. అవతల రోజ్‌లిన్ మెల్లగా, తల్లి పోయాక తనను బిడ్డ అని పిలిచినవాళ్లు లేరని చెప్పి, ముక్కు చీదింది.

బస్తాల పక్కన నిలబడి చెవి ఒగ్గిన గజేందర్ రెండు బొటనవేళ్లూ పైకెత్తాడు. "ఖరారైనట్టే గదా?"

"ఏడుస్తున్నది," అంది జ్యోతిలక్ష్మి.

"సంతోషంతోనే గదా?"

"సంతోషంతోనే."

"ఇగ ఫికర్ లేదు."

తర్వాతి సరుకు పోస్టులో రాలేదు, నరేష్ చేతిలో వచ్చింది. సెలవు మీద ఇందల్వాయి వచ్చినవాడు రోజ్‌లిన్ ఇచ్చినది ఇచ్చిపోదామని మధ్యాహ్నం ఆర్మూరు వచ్చాడు. గజేందర్ పొలంలో ఉన్నాడు. జ్యోతిలక్ష్మి కూరగాయలకు అంకాపూర్ వెళ్లింది. ఇంట్లో అంజవ్వ ఒక్కతే ఉంది. నరేష్ ఆవిడ కాళ్లకు దండం పెట్టాడు. చెక్కపెట్టె కింద పెడదామంటే చోటు లేక బస్తాల మీద పెట్టాడు. బస్సు వేళైందని వెళ్లిపోయాడు.

వీధి మొదట్లో ఆటో దిగగానే జ్యోతిలక్ష్మికి వాసన తగిలింది. ఎవరింట్లోనో ఏదో చచ్చిందనుకుంది. ఇల్లు దగ్గర పడేకొద్దీ అది తమ ఇల్లే అయింది. లోపల ఫ్యాన్ కింద అంజవ్వ, తలమీద వెడల్పాటి ఆకు టోపీ పెట్టుకుని, ప్రశాంతంగా కూర్చుని ఉంది. బస్తాల మీద మూత తీసిన పెట్టెలో బారెడు పొడవున్న ఉప్పుచేపలు పడుకుని ఉన్నాయి. ఉప్పునీరు ఒక మూల నుంచి కారి కింది బస్తాలోకి ఇంకుతోంది.

"నాకు టోపీ పంపింది జ్యోతీ," అంది అంజవ్వ. "గింత పెద్ద చేప గోదావరిల గూడ చూడలే."

వెనకాలే వచ్చిన గజేందర్ గుమ్మంలో ఆగిపోయాడు. "అమ్మా! పసుపు మీద చేప పెట్టనిస్తవా?"

"కూరల చేప మీద పసుపు పెడ్తం గదరా. తేడా ఏమున్నది?"

"పసుపు ఏ వాసన పడితే గా వాసన పీల్చుతది! సాయంత్రం దాక ఉంటే బస్తాలన్ని ఎండు చేపలే!"

ఆ తర్వాత జరిగినదాన్ని వీధి చాలాకాలం చెప్పుకుంది. చేపల పెట్టె పెరట్లోకి పోయింది. తడిసిన బస్తాను విడిగా తీసి పక్కన పడేశారు. మిగిలిన బస్తాలు ఒక్కొక్కటిగా డాబా మీదికి ఎక్కాయి. భాగ్యవ్వ ఇంటివాళ్లు ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో సాయం పట్టారు. మర్నాడు ఎండెక్కగానే డాబా నిండా పరదాలు పరిచి, బస్తాలు విప్పి, పసుపు కొమ్ములన్నీ పలుచగా ఆరబోశారు. జ్యోతిలక్ష్మి కూర్చుని మట్టీ, పొట్టూ, విరిగిన ముక్కలూ ఏరేసింది. ఎలాగూ విప్పారు కదా అని. ఆమెకు సగం శుభ్రం అంటే శుభ్రం కాదు.

కింద వీధిలో స్కూటర్ ఆగింది. తుకారాం తల పైకెత్తి చూస్తున్నాడు.

"ఏం తమ్మీ, మాల్ బయటవడ్డది?"

గజేందర్‌కు నిజం చెప్పాలని ఉంది. కానీ నోరు ముందు కదిలింది. "పోయేటందుకు తయారైతున్నది సేటు."

తుకారాం ముక్కు ఎగబీల్చాడు. "ఏందో వాసన వస్తున్నది?"

"సముద్రం వాసన," అన్నాడు గజేందర్. "దాటాలె గదా."

తుకారాం ఈసారి నవ్వలేదు. ఎండలో బంగారంలా పరుచుకున్న కొమ్ముల్ని ఒకసారి, వాటిని ఒక్కో కొమ్మూ చూసి ఏరుతున్న జ్యోతిలక్ష్మిని ఒకసారి చూసి, స్కూటర్ తిప్పుకుని పోయాడు.

సాయంత్రానికి మార్కెట్టంతా అదే మాట. గజేందర్ మాల్ ఓడ ఎక్కుతున్నదట. మర్నాడు మాక్లూర్ నుంచి భూమేశ్వర్ అనే రైతు తువ్వాలలో కొమ్ములు మూట కట్టుకుని వచ్చాడు. "మాది గూడ గా దేశం పంపియ్యి అన్నా. నీ వెనుక నేనుంట." అతని వెనుక ఇంకొందరు వచ్చారు. వరండాలో కుర్చీలు చాలక చాప వేశారు. గజేందర్ ఓడరేవుల గురించి, కంటైనర్ల గురించి తనకు తెలిసినదంతా చెప్పాడు. అది తొందరగానే అయిపోయింది. జ్యోతిలక్ష్మి చాయ్ పోస్తూనే ఉంది.

వాళ్లు వెళ్లాక ఆమె గ్లాసులు కడిగి పెట్టి, భర్త ముందు కూర్చుంది.

"ఆర్డర్ వచ్చిందా?"

"వస్తది."

"ఎంత కావాలె, ఎప్పుడు కావాలె అని మనం ఒక్కసారన్న అడిగినమా?"

గజేందర్ ఆలోచించాడు. డబ్బా గురించి ఆమె అడిగింది. దాల్చిన చెక్క బాగుందని వీళ్లు రాశారు. బుట్ట చేరిందా అన్నారు. టోపీ అంజవ్వ తలకు సరిపోయిందని ఫోటో కూడా పెట్టారు. ఇన్ని సరుకులు అటూ ఇటూ తిరిగాయి కానీ, ధర అనే మాట ఇంతవరకు ఎవరి నోటా రాలేదు.

జ్యోతిలక్ష్మి అప్పుడే అడిగింది. సూటిగా, రెండు వాక్యాల్లో. ఎంత, ఎప్పుడు.

జవాబు రాయకుండా రోజ్‌లిన్ వీడియో కాల్ చేసింది. ఆకుపచ్చ గుడ్డను మెడకు చుట్టుకుని ఉంది. ముందు అంజవ్వను చూపించమంది. అంజవ్వ టోపీ పెట్టుకుని వచ్చి తెరకు దండం పెట్టింది. అటు నుంచి కూడా దండం వచ్చింది. అప్పుడు రోజ్‌లిన్ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. జ్యోతిలక్ష్మి ఒక్కొక్క మాటా తెలుగులో చెబుతూ పోయింది.

"మీ పసుపు కన్న మంచిది దొరకదని ఆమెకు తెలుసునట."

గజేందర్ తల ఊపాడు.

"కానీ ఇంటోళ్ల మధ్యల తరాజు పెట్టొద్దని వాళ్లమ్మ చెప్పేదట. ధర తగ్గియ్యిమంటే మన మనసు నొస్తది. అడగకుంటే ఆమె యాపారం నొస్తది. మొన్న రవికె గుడ్డ సంగతి తెలిసినంక రెండు రాత్రులు నిద్ర పట్టలేదట. అందుకని..." జ్యోతిలక్ష్మి ఆగింది.

"అందుకని?"

"హైదరాబాద్ల ఏదో కంపెనీకి ఆర్డర్ ఇచ్చిందట. మన ఊరి పసుపే కావాలె అని గట్టిగ చెప్పిందట. మనం మాత్రం ఆమె ఇంటికి ఏడాదికొక్క డబ్బ పంపాలెనట. అమ్మగారింటి పసుపు లెక్క."

అందరికంటే ముందు తేరుకున్నది అంజవ్వ.

"సక్కగ చెప్పింది," అంది మెచ్చుకోలుగా. "చుట్టాలతోటి బేరమాడుతరా ఎవలన్న? మా అక్క మొగుడు బర్రెను అమ్మిండు మాకు. మూడేండ్లు మాటల్లేవు. గా బిడ్డకు ఉన్న తెలివి మా ఇంట్ల ఎవ్వలికి లేదు."

తెర మీద రోజ్‌లిన్ చెయ్యి ఊపింది. గజేందర్ కూడా ఊపాడు. తర్వాత డాబా మీదికి పోయి, పసుపు మధ్యలో కూర్చున్నాడు. చీకటి పడేదాకా దిగిరాలేదు.

మర్నాడు బస్తాలు కుట్టి కిందికి దించారు. అవి మళ్లీ ముందుగదిలోనే చేరాయి. ఇక మిగిలింది తుకారాం మెట్లు. "ఎండ తగ్గినంక పోతా," అన్నాడు ఒకసారి. ఎండ తగ్గింది. "రేపు పొద్దుగాల పోతా," అన్నాడు. పొద్దున లేచి, చొక్కా వేసుకుని, విప్పి, మళ్లీ వేసుకున్నాడు. అప్పుడు గేటు ముందు స్కూటర్ చప్పుడైంది.

గజేందర్ కిటికీలోంచి చూసి వెనక్కి తగ్గాడు. "తుకారాం! నవ్వనీకి ఇంటికే వచ్చిండు. తానం చేస్తున్నడని చెప్పు." అంటూ స్నానాల గదిలోకి దూరి గొళ్లెం పెట్టుకున్నాడు.

తుకారాం వరండాలో కుర్చీ అంచున కూర్చున్నాడు. నవ్వే మనిషిలా లేడు.

"గజేందర్‌ను జర పిలువు చెల్లె. నా ఇజ్జత్ సవాల్ ఉన్నది."

"తానాల గదిల ఉన్నరు సేటు."

"కూసుంట. ఒక పెద్ద కంపెనీది ఆర్డర్ తీసుకున్న. ఆర్మూర్ పసుపే గావాలె, సాఫ్ మాల్ గావాలె, ఈ వారమే లోడు ఎక్కాలె అన్నరు. సరే అన్న. మార్కెట్ యార్డుల చూస్తే పోయినవారం వానకు మాలంత తేమ. తేమ ఉంటే వాపస్ పంపుతరు." అతను గొంతు తగ్గించాడు. "మీ డాబా మీద చూసిన. కొమ్ము కొమ్ము ఏరినవు చెల్లె నువ్వు. గసోంటి మాల్ ఈ చుట్టుపక్కల లేదు. మీ ఫారిన్ పార్టీకి జర ఆగమని చెప్పి నాకిప్పియ్యాలె."

స్నానాల గదిలో దబదబా నీళ్లు పడ్డాయి. గజేందర్ బయటికి వచ్చాడు. భుజాన తడి తువ్వాలు, ఒంటిమీద చొక్కా, తల మాత్రం పొడిగా ఉంది. తుకారాం ఆ తల వైపు చూసే స్థితిలో లేడు.

"వాళ్లకు మాట ఇచ్చిన సేటు," అన్నాడు గజేందర్, చాలా బాధపడుతున్నట్టు.

"ఆనాడు నవ్విన. తప్పే. నలుగురి ముంగట ఒప్పుకుంట."

గుమ్మంలోకి వచ్చిన అంజవ్వ ఆశ్చర్యపోయింది. "ఏ పార్టీ రా? గా బిడ్డ మొన్ననే వద్ద..."

"అత్తమ్మా, చాయ్ పొంగుతున్నది!" అంది జ్యోతిలక్ష్మి. ఆమె జీవితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పని మాట బహుశా అదొక్కటే. పొయ్యి మీద ఏమీ లేదు.

గజేందర్ ఆకాశం వైపు చూశాడు, నేల వైపు చూశాడు, చివరికి నిట్టూర్చాడు. "మీరింటికొచ్చి అడిగితే కాదంటనా సేటు? చిన్నప్పటి సంది చూస్తున్న మిమ్మల్ని. వాళ్లకు నేను ఏదో ఒకటి చెప్పుకుంట." ధర గురించి తుకారాం పెద్దగా బేరమాడలేదు. సంతోషంగా లేచి చెప్పులేసుకుంటుండగా, గజేందర్ మర్యాదకు అడిగాడు.

"ఇంతకు మాల్ ఏ దేశం పోతది సేటు?"

"ఏదో దీవట తమ్మీ. పేరు నోరు తిరగది. సీషెల్సో ఏందో. దుకాణం ఆమె ఆర్మూరే గావాలె అని మొండికేసిందట. ఆమెకు మన ఊరి పేరు ఎవలు చెప్పిన్రో, వాళ్ల కడుపు సల్లగుండ."

గజేందర్‌కు దగ్గు వచ్చింది. అది తగ్గేలోపు స్కూటర్ వీధి దాటింది.

రెండు రోజుల్లో లారీ వచ్చి బస్తాలన్నీ ఎత్తుకుపోయింది. ఎక్కించేటప్పుడు ప్రతి బస్తా మీదా హైదరాబాద్ కంపెనీ పేరు అచ్చేశారు. జ్యోతిలక్ష్మి ముందుగది కడిగి, కిటికీ తెరిచింది. మార్కెట్లో తుకారాం మాట నిలబెట్టుకుని, నలుగురి ముందు గజేందర్ భుజం మీద చెయ్యి వేశాడట. మాక్లూర్ భూమేశ్వర్‌కు మాత్రం ఆ దేశం కోటా అయిపోయిందని గజేందర్ చెప్పవలసి వచ్చింది.

వానాకాలం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం రోజ్‌లిన్ సందేశం వచ్చింది. జ్యోతిలక్ష్మి అత్తకు చదివి వినిపించింది. 'కంపెనీ పసుపు అందింది. ఫరవాలేదు, అమ్ముకోవచ్చు. హోటలువాళ్లు బాగుందనే అంటున్నారు. కానీ మీకు నిజం చెప్పాలి. నేను మూత తీసి వాసన చూశాను. మీ ఇంటి పసుపుకు, దీనికి పోలికే లేదు.'

గజేందర్ ఏదో అనబోయి మానుకున్నాడు.

"మరి?" అంది అంజవ్వ గర్వంగా. "దుకాండ్ల కొన్నది ఇంటి దాని లెక్క ఉంటదా? గదే రాయి బిడ్డా."

జ్యోతిలక్ష్మి ఒక్క మాట కూడా మార్చకుండా ఇంగ్లీషులో అదే రాసి పంపింది.